ఇద్దరికీ ఒకటే బంతి

గోల్ఫ్ అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. పనీపాటా లేని పెద్దమనుషులు కర్ర పట్టుకుని ఎండలో నడిచే ఆటకు అంత పేరెందుకో నాకు అర్థమయ్యేది కాదు. అలాంటిది మా మేనమామ హెన్రీకే ఆ పిచ్చి పట్టింది. మంగంపేట ముగ్గురాయి గనిలో ఉద్యోగమంతా రాళ్లు పేల్చి రిటైరైన మనిషి, పొద్దున్నే టీ చుక్క కూడా తాగకుండా కర్రల సంచి భుజాన వేసుకుని పోయేవాడు. మా అత్త జీవమ్మతో ఈ మాట అంటే, "పోనీలేమ్మా ప్రేమజ్యోతీ, ఇంట్లో ఉంటే నా తల తింటాడు" అనేది. నేను రైల్వే కోడూరులో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. సెలవు దొరికితే మామవాళ్లింటికి వస్తాను. వచ్చినప్పుడల్లా ఈ గోలే.

మైదానం అంటే టీవీలో కనిపించే పచ్చని తివాచీ అనుకునేరు. కంపెనీ కాలనీ వెనక ఎప్పుడో ఒక ఇంజనీరు సరదాపడి వేయించిన తొమ్మిది గుంటల నేల అది. ఆ ఇంజనీరు బదిలీ అయిపోయాడు, నేల మాత్రం మిగిలింది. గడ్డిపోచ మందుకైనా దొరకదు. అంతా ఎర్రమట్టి, పలుగురాళ్లు, అక్కడక్కడ తంగేడు. గుంట చుట్టూ మాత్రం గుండ్రంగా చదును చేసి, సన్న ఇసుకలో ముగ్గురాయి పొడి కలిపి, గాలికి లేవకుండా లారీ షెడ్డులోని పాత ఆయిలు పోసి తొక్కించారు. పంట నూర్చే కళ్లంలా ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని కళ్లమనే అంటారు. బంతి రాళ్లలో పడితే కర్ర విరుగుతుందని ప్రతివాడి నడుముకూ ఒక చాప ముక్క వేలాడుతుంటుంది. బంతిని దాని మీద పెట్టుకుని కొట్టుకోవచ్చు. కళ్లం మీదికి చేరాక, కట్టెకు అడ్డంగా మేకులు కొట్టిన పలకతో బంతి నుంచి గుంటదాకా ఒక్కసారి లాగి దారి చదును చేసుకోవచ్చు. రెండోసారి లాగితే ఒప్పుకోరు.

మామకు జోడీ రామలింగప్ప చిన్నాయన. మాకు రక్తసంబంధం ఏమీ లేదు, చిన్నప్పటినుంచీ అలా పిలవడం అలవాటు. పుల్లంపేటలో చీరలు నేసే ఇంట్లో పుట్టాడు. వాళ్ల నాయన నూలుకు రంగులద్దేవాడు. ఈయనకు చదువబ్బి గని ల్యాబులో చేరాడు. మగ్గం వదిలినా రంగులు మాత్రం వదల్లేదు. మా అత్త కొత్త చీర కట్టుకుని ఎదురైతే చాలు, "ఇది చిలకపచ్చ అని చెప్పి అమ్మినాడా నీకు? చిలకపచ్చలో రవంత పసుపు ఎక్కువ ఉండాల జీవమ్మా" అని దారిలో నిలబెట్టేవాడు. మా అత్త చీర కొనేముందు ఆయనకు చూపించడం మొదలుపెట్టింది, గొడవ లేకుండా.

వాళ్లిద్దరూ ఆడే ఆటలో జంటకు ఒకటే బంతి. ఒక దెబ్బ ఒకరు కొడితే తర్వాతి దెబ్బ రెండోవారు కొట్టాలి, గుంటలో పడేదాకా అలా వంతులు మారుతూ పోవాలి. మామ ఆవేశంగా కొడతాడు, బంతి పోయి ఏ తంగేడు పొదలోనో కూర్చుంటుంది. చిన్నాయన వెళ్లి, ఒక్క మాట అనకుండా, దాన్ని బయటికి తీస్తాడు. మొగుడూ పెళ్లాలైతే ఈ ఆట వారం రోజులు ఆడలేరు. వీళ్లు పాతికేళ్లుగా ఆడుతున్నారు.

చిన్నాయన కళ్లకు నీటికాసులు, అదే గ్లకోమా, అని తిరుపతిలో తేల్చింది పోయిన ఏడు. ముందు పక్కచూపు పోయింది, తర్వాత దూరపుచూపు. కొట్టిన బంతి ఎటు పోయిందో ఇప్పుడు మామే చెప్పాలి. మహా అయితే ఇంకొక ఏడాది, ఆపైన వెలుతురు తప్ప ఏమీ తెలియదన్నాడు డాక్టరు. వాళ్లావిడ హనుమమ్మ చుక్కల మందు తప్పకుండా వేస్తుంది గానీ, పోయిన చూపును ఆ మందు తిరిగి తెచ్చేది కాదు.

తిరుపతి నుంచి వచ్చిన రోజు చిన్నాయన మా అరుగు మీద కూర్చుని ఒక్క మాట అన్నాడు. "గడ్డి మీద ఒగసారి ఆడాల హెన్రీ. పచ్చ ఇంకా కనపడతాండంగానే."

దీనికేం భాగ్యం, కారులో బెంగళూరు తీసుకుపోతే సరి అనుకున్నాను నేను. పాత మేనేజరు ఒకాయన అక్కడి నుంచి రెండుసార్లు పిలిచాడు కూడా. చిన్నాయన వినలేదు. "పిలిస్తే పోయేది పెండ్లికమ్మా. ఆడేదానికి గెల్చి పోవాల" అన్నాడు. చూపు పోతున్న మనిషికి ఇంత పట్టుదల ఏమిటని నాకు కోపమొచ్చింది. మామ మాత్రం ఆ మాటను అక్కడే మనసులో పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

దక్షిణాది క్లబ్బులన్నీ కలిసి ఏటా ఒక జంటల పోటీ పెడతాయి. ఆటే బతుకుదెరువైనవాళ్లు దానికి పనికిరారు, సరదాకు ఆడేవాళ్లే రావాలి. ఈ ఏడు మొదటిసారిగా గడ్డి లేని మైదానాలకు కూడా తలుపు తీశారు. మామ వెంటనే పేర్లు ఇచ్చాడు. పదహారు జంటలు. ఓడితే ఇంటికి, గెలిస్తే పై మెట్టుకు. చీట్లు తీసి జతలు కలుపుతారు, పైన వచ్చిన పేరు ఎవరిదైతే వాళ్ల నేల మీద ఆట. ఫలానా తేదీలోపల ముగించాలని చెప్పి ఊరుకుంటారు. రోజూ వేళా ఆ రెండు జంటలే ఫోన్లో మాట్లాడుకుని కుదుర్చుకోవాలి. అంపైరు ఉండడు. తప్పు జరిగితే చేసినవాడే చెప్పాలి. ఆట అయ్యాక ఫలితం ఫోన్ చేసి చెప్పాల్సింది కూడా ఓడినవాళ్లే.

ఇది విని నేను నవ్వాను. మా కాలేజీలో ఒక్కో గదికి ఇద్దరు కాపలా ఉన్నా కాపీ ఆగదు. "తప్పు చేసినోడు చెప్పకుంటే ఏం చేస్తారు మామా?" అని అడిగాను. నేను చర్చిలోకి చెప్పులతో వచ్చినట్టు చూశాడు మామ. "చెప్పకుంటే ఇంగ ఆడేదెందుకు?" అన్నాడు.

చీట్లలో మా పేరు పైనొచ్చింది. హైదరాబాదు జంట మంగంపేటకు రావాలి. ఇక్కడ గెలిస్తే రెండో ఆట ఊటీలో, కొండల మధ్య పచ్చిక మీద. చిన్నాయన నా ఫోనులో ఊటీ మైదానం ఫొటో పెద్దది చేయించుకుని, కంటికి ఆనించుకుని చూశాడు.

ఆటకు ముందురోజు సాయంత్రం నా లెక్కల బుద్ధి ఊరుకోలేదు. ఈ ఆటలో ఒక్కో గుంటకు మొదటి దెబ్బ ఎవరిదన్నది ముందే తేల్చుకోవాలి. బేసి గుంటలన్నీ ఒకరివి, సరి గుంటలన్నీ రెండోవారివి. మామది ఎప్పుడూ బేసి. తొమ్మిదో గుంటకు అడ్డంగా గనివాళ్లు మట్టి తీసిన పెద్ద గొయ్యి ఉంది. దాన్ని దాటించి కొట్టే దెబ్బ పాతికేళ్లుగా మామదే. కానీ పోటీలో ఆడాల్సింది పద్దెనిమిది గుంటలు. ఉన్నవి తొమ్మిదే కాబట్టి అదే నేల రెండుసార్లు తిరగాలి.

"మామా, రెండో చుట్టులో మొదటి గుంట పదోది అవుతాది. పది సరి గదా, అది చిన్నాయనది. అట్ల అన్నీ తారుమారు అవుతాయి. ఆఖరి గుంట పద్దెనిమిదోది. గొయ్యి దాటించేది అప్పుడు చిన్నాయనే" అన్నాను.

వాళ్లు రోజూ ఎండ ముదరకముందే తొమ్మిదితో ముగించేవాళ్లు, ఈ తారుమారు వాళ్లకు ఎప్పుడూ ఎదురుకాలేదు. "లెక్కలు నాకు చెప్తాండావా" అని మామ విసుక్కున్నాడు. చిన్నాయన "గొయ్యి నేను దాటించాల్నా" అన్నాడు. తర్వాత తనే, "దాటిస్తాలే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే హైదరాబాదువాళ్లు దిగారు. కేశవ, అరుణజ్యోతి, అన్నాచెల్లెళ్లు. పుట్టింది నందికొట్కూరులోనట, స్థిరపడింది హైదరాబాదులో. ఆయన పళ్ల డాక్టరు, ఆమెది ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఆమె చుట్టూ చూసి, "మైదానం ఎక్కడండీ?" అని అడిగింది. మామ చెయ్యి చాపి "ఇదే తల్లీ" అన్నాడు. ఆమె నవ్వలేదు. మర్యాదస్తురాలు అనుకున్నాను.

ఆట బూట్లు వేసుకోవడానికి ఆమె షెడ్డు మెట్టు మీద కూర్చుంది. ముందురోజు వాళ్ల మైదానంలో ఆడి వచ్చినట్టుంది, రెండు బూట్లూ ఒకదానికొకటి కొడితే అడుగు నుంచి మట్టిపెళ్ల రాలింది. దానికి రెండు మూడు గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. చిన్నాయన వంగి, చేత్తో తడిమి, వాటిని ఏరుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు, ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏ పచ్చ అని చెబుతాడో అని నేను చూస్తున్నాను. తల తిప్పి అడిగాడు.

"హెన్రీ, ఇది ఏం పచ్చప్పా?"

మామకు రంగుల్లో ఓనమాలు రావు. "ఆకుపచ్చ" అన్నాడు.

"ఆకుపచ్చలు ఎన్ని లేవు" అని చిన్నాయన ఆ పోచల్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. చీర అంచు చూసి దుకాణదారుణ్ణి పేరుతో సహా చెప్పే మనిషి, గడ్డి రంగు ఇంకొకరిని అడుగుతున్నాడు. ఊటీ వచ్చే ఏడు కాదు, ఈ ఏడే కావాలని అప్పుడు నాకు తెలిసింది.

ఆట మొదలైంది. ఇందులో మొత్తం దెబ్బలు కూడరు. ఒక్కో గుంట ఒక్కో పందెం. తక్కువ దెబ్బల్లో గుంటలో వేసిన జంట ఆ గుంట గెలిచినట్టు, సమానమైతే ఎవరిదీ కాదు. ఎవరు ఎన్ని గుంటలు ముందున్నారన్నదే లెక్క. వచ్చినవాళ్లు మా వాళ్లకంటే మెరుగైన ఆటగాళ్లు కాబట్టి కష్టమైన నాలుగు గుంటల్లో మా వాళ్లకు ఒక్కో దెబ్బ మినహాయింపు ఉంది.

అరుణజ్యోతి కొట్టిన మొదటి దెబ్బ చూసి నేను నోరు తెరిచాను. ఆ సన్నని మనిషి నడుము తిప్పిందో లేదో, బంతి కాలనీ నీళ్లట్యాంకు ఎత్తుకు లేచింది. కానీ కళ్లం మీదికి వచ్చేసరికి వాళ్ల విద్య పారలేదు. పచ్చిక మీద బంతి దొర్లే తీరు వేరు, ఆయిలు ఇసుక మీద వేరు. గుంట పక్కనుంచే పోనిచ్చారు. మా వాళ్లు చాప ముక్క పరిచి, పలక లాగి, నిదానంగా పని కానిచ్చారు.

మూడో గుంట దగ్గర మా బంతి గుంట అంచుకు జానెడు దూరంలో ఆగింది. చిన్నాయన కర్ర తీసుకుని ముందుకు రాబోతుంటే కేశవ చెయ్యెత్తి, "ఇచ్చేశామండీ, తీసేసుకోండి" అన్నాడు. ఎలాగూ పడే బంతిని కొట్టించకుండానే పడినట్టు ఒప్పుకోవడం ఈ ఆటలో ఆనవాయితీ అట. ఓడించడానికి అంతదూరం నుంచి వచ్చినవాడు ఎదుటివాడికి తనంతట తను ఒక దెబ్బ వదిలేయడం నా జన్మలో చూడలేదు. ఆ తర్వాత నేను ఎండ సంగతి మరిచిపోయాను.

చిన్నాయన బంతిని గుంటలోకి ఎలా వేస్తాడో చూడాలి. మామ వెళ్లి జెండా కర్ర పట్టుకుని గుంటలో ఠక్ ఠక్ మనిపిస్తాడు. చిన్నాయన తల కొంచెం వాల్చి వింటాడు. పాదాలు సర్దుకుంటాడు. ఇంకోసారి ఠక్ మంటుంది. బంతి కదిలాక మామ జెండా ఎత్తి పక్కకు తప్పుకుంటాడు. బంతి వెళ్లి గుంటలో పడిన చప్పుడు వినేదాకా చిన్నాయన తల ఎత్తడు. ఆయన చూడటం లేదు, వింటున్నాడు. ఐదో గుంట దగ్గర ఇది చూసిన అరుణజ్యోతి నా పక్కకు వచ్చి, "ఆయనకు కనపడదా?" అని అడిగింది. "కొంచెం" అన్నాను. అది తెలిశాక కూడా ఆమె ఆటలో మెతకబడలేదు. ఆరో గుంట, ఏడో గుంట వరసగా గెలుచుకుంది. అందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

రెండో చుట్టు మొదలయ్యేసరికి వచ్చినవాళ్లు కళ్లం మర్మం పట్టేశారు. మా వాళ్లు తారుమారు మరిచిపోలేదు. కొట్టే తిన్నె ఎక్కబోయే మామను చిన్నాయన భుజం పట్టి వెనక్కి లాగి "నాది" అనేవాడు, లేకుంటే "నీది పోప్పా" అని తోసేవాడు. ఒక గుంట వాళ్లు గెలిస్తే ఇంకొకటి మా వాళ్లు గెలిచారు. పదిహేడు గుంటలు ముగిసేసరికి చెరి సమానం. ఇక మిగిలింది గొయ్యి ఒక్కటే. ఈ గుంటలో మినహాయింపు ఏమీ లేదు, గెలిచినవాళ్లు ఊటీకి.

ముందు కేశవ కొట్టాడు. బంతి గొయ్యి దాటింది. ఆపైన రాళ్లలో ఎటో ఎగిరి పక్కకు పోయింది. మామ చెమట తుడుచుకున్నాడు. కర్ర లాక్కుని, గబగబా తిన్నె ఎక్కి, రోజూ నిలబడే చోట నిలబడి, ఒక్క ఊపున కొట్టాడు. ఆ దెబ్బ నేను చచ్చేదాకా మరువను. ఎర్రని గొయ్యి మీదుగా, గని కట్ట మీదుగా, తెల్లని చుక్క పోతూనే ఉంది. అందరం తలెత్తి నిలబడిపోయాం. వెనక చిన్నాయన సంచిలోంచి సగం తీసిన కర్రను మళ్లీ లోపలికి తోయడం చూశాను. ఏమీ అనుకోలేదు. లెక్కల టీచరును, నాకే ఏమీ తట్టలేదు.

రెండో దెబ్బ చిన్నాయన చాప ముక్క మీద నుంచి కొట్టాడు. మూడోది మామ కొట్టి కళ్లం అంచుకు చేర్చాడు. వాళ్ల బంతి ఐదో దెబ్బకు గానీ గుంటలో పడలేదు. మా బంతి గుంటకు చాలా దూరంలో, కళ్లం ఆ చివర ఉంది. నాలుగో దెబ్బ చిన్నాయనది. అది పడితే గుంట మాది.

పలక లాగారు. మామ జెండా పట్టుకుని ఠక్ ఠక్ మనిపించాడు. చిన్నాయన విన్నాడు. అంత దూరానికి మామూలుగా రెండుసార్లు వినేవాడు, ఈసారి ఎంతసేపు విన్నాడో. బంతి కదిలింది. ఇసుక మీద సన్నగా గీత గీసుకుంటూ వచ్చి, గుంట అంచున ఒక్క క్షణం ఆలోచించి, లోపలికి దిగింది.

కేశవ టోపీ తీశాడు. హైదరాబాదు భాష పోయి నందికొట్కూరు భాష వచ్చింది ఆయన నోట్లోకి. "శానా దినాలైంది సామీ, ఇట్లాంటి ఆట చూసి" అని చిన్నాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అరుణజ్యోతి ఫోను తీసింది. "ఓడినవాళ్లమే కదా చెప్పాలి" అని నవ్వింది. నేను ఆనందంతో ఏం చేయాలో తెలియక పలకను ఎత్తుకుని నిలబడ్డాను.

మామ మాత్రం గుంట దగ్గరే మోకాలి మీద ఉన్నాడు. బంతిని తీయలేదు. జెండా కర్రను రెండు చేతులా పట్టుకుని దాని వంకే చూస్తున్నాడు. ఒళ్లు బాగలేదేమో అని భయపడి దగ్గరికి పోయాను.

"ఆగు తల్లీ, ఫోను చేయొద్దు" అన్నాడు అరుణజ్యోతితో. లేచి నిలబడ్డాడు. "గొయ్యి దెబ్బ నాది కాదు, లింగప్పది. అలవాటు కొద్దీ నేను కొట్టేసినా. వరస తప్పితే గుంట పోయినట్టే. ఇది మాది కాదు, మీది."

అప్పుడు లెక్క నా నెత్తిన పడింది. పద్దెనిమిది సరి. చిన్నాయనది.

"మేం గమనించలేదు సార్. మాకు అభ్యంతరం లేదు. వదిలేయండి" అన్నాడు కేశవ.

"వదిలేసేది మీ చేతిలోనూ లేదు సార్. రెండు జంటలూ కలిసి రూలు పక్కన పెడితే ఇద్దర్నీ పోటీలోంచి తీసేస్తారు. మీ ఆట కూడా పోతాది" అన్నాడు మామ.

నాకు మామ భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు. ఒక్క మాట మింగేస్తే చాలు, ప్రాణస్నేహితుడికి చూపు ఉండగానే పచ్చిక దొరుకుతుంది. ఊటీ అంటే తనకేమీ ఆశ లేదు, ఆశంతా చిన్నాయన కోసమే. ఆ ఆశను తన చేతులతోనే తీసి పక్కన పెడుతున్నాడు.

ఫోను చేయాల్సింది ఇప్పుడు మామే. సిగ్నలు కోసం గొయ్యి గట్టు ఎక్కాడు. "మంగంపేట నుంచి హెన్రీ మాట్లాడతాండా సార్. మేము ఓడిపోయినాము. ఒగ గుంట తేడా" అన్నాడు. ఎందుకు ఓడామో చెప్పలేదు. ఫోను జేబులో వేసుకుని, తిన్నె మీద కూలబడ్డాడు. చిన్నాయన వైపు చూడలేకపోయాడు.

చిన్నాయన కర్రతో నేలను తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీకు పచ్చిక లేకుండా చేసినా లింగప్పా."

"నువ్వు కొట్టినప్పుడే నాకు తెల్సు" అన్నాడు చిన్నాయన. "నేను కర్ర తీస్తాండా, నువ్వు కొట్టేసినావు."

మామ తలెత్తాడు. "తెల్సి చెప్పలేదేమప్పా?"

"నేను చెప్తే నిన్ను పట్టిచ్చినట్టు అవుతాది. నువ్వు చెప్తే నువ్వు చెప్పినట్టు. యాడో ఒగచోట నీకే తడుతుందిలే అని ఊరికే ఉన్న్యా."

"మరి తెల్సి కూడా ఆ ఆఖరి బంతి అంత దూరం నుంచి ఎందుకు వేసినావు?"

"ఓడేదైనా బాగా ఆడి ఓడాల గదా."

నేను ఉండబట్టలేక అడిగేశాను. "చిన్నాయనా, మామకు తట్టకపోయింటే? తట్టినా చెప్పకపోయింటే?"

చిన్నాయన నా గొంతు వచ్చిన వైపు తిరిగాడు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు. "ఆ మాట నాకు తోచనే లేదమ్మా" అన్నాడు.

నేను ఎర్రమట్టిలో అట్లాగే నిలబడిపోయాను. రూళ్లు, నిఘా, మార్కులు తప్ప మరేదీ మనిషిని దారిలో పెట్టదని రోజూ పిల్లలకు చెప్పేదాన్ని. ఇక్కడ ఇద్దరు మనుషులు, ఒకరు ఎవరూ చూడకపోయినా తన తప్పు చెప్పేవాడు, ఇంకొకరు అతను చెబుతాడని చూడకుండానే నమ్మేవాడు. వీళ్లను ఇన్నేళ్లుగా ఎరుగుదుననుకున్నాను. చర్చిలో కూడా నాకు అంతగా తల వంచాలనిపించలేదు.

అరుణజ్యోతి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "హైదరాబాదు రండి. మా మైదానంలో నలుగురం ఆడదాం. ఎప్పుడైనా సరే" అంది.

"పిలిస్తే పోయేది పెండ్లికి తల్లీ" అన్నాడు చిన్నాయన నవ్వుతూ. మామ వైపు తిరిగి, "వచ్చే ఏడు కూడా పేర్లు ఇయ్యి" అన్నాడు.

"వచ్చే ఏటికి నీకు ఏం కనపడతాది లింగప్పా?" అన్నాడు మామ.

"నువ్వు చెప్పింది కనపడతాది."

అని లేచాడు. సంచిలో తడిమి కర్ర తీసుకున్నాడు. "ఈ గొయ్యి దెబ్బ నాది. పొద్దున్నుంచి దాని కోసమే చూస్తాండా. బంతి పెట్టు" అన్నాడు. ఆట అయిపోయింది, ఈ దెబ్బకు గెలుపు లేదు, ఓటమి లేదు. ఐనా హైదరాబాదువాళ్లు కారెక్కకుండా నిలబడ్డారు. మామ తిన్నె మీద బంతి పెట్టి, చిన్నాయన భుజాలు పట్టుకుని గొయ్యి వైపు తిప్పి, పక్కకు తప్పుకున్నాడు.

చిన్నాయన కొట్టాడు. చప్పుడు బాగానే వచ్చింది. బంతి లేచింది, గొయ్యి మీదుగా పోయింది. చివర్లో బలం తగ్గి, అవతలి గట్టు కింద ఎర్రమట్టిలో గుచ్చుకుంది. నాకు స్పష్టంగా కనిపించింది. ఆయనకు మాత్రం ముందరంతా వెలుతురు ముద్ద.

"యాడ పడింది?"

దాటింది అని చెప్పు మామా అని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. ఒక్క మాట. ఇది పోటీ కాదు, రూలు లేదు, ఎవరికీ నష్టం లేదు.

"దాటలేదు లింగప్పా" అన్నాడు మామ. "అవతలి గట్టు కింద పడింది. ఇంగ రెండు బారలు పోవాల."

చిన్నాయన ముఖం వెలిగింది. "రెండు బారలేనా" అన్నాడు. "ఇంగో బంతి పెట్టు."

మామ పెట్టాడు. చిన్నాయన పాదాలు సర్దుకున్నాడు, ఊపిరి పీల్చి కొట్టాడు. ఈసారి బంతి లేచిన తీరు వేరు. మేమంతా తలెత్తి చూస్తున్నాం. చిన్నాయన ఒక్కడు చూడటం లేదు. మామ వైపు చెవి పెట్టి నిలబడ్డాడు.

"దాటింది" అన్నాడు మామ.

చిన్నాయన మళ్లీ అడగలేదు. కర్రను సంచిలో పెట్టేశాడు. జేబులోంచి ఆ గడ్డిపోచలు తీసి చూసుకున్నాడు. తర్వాత వాటిని మామ అరచేతిలో పెట్టి, "ఇంటికి పోతా పోతా జీవమ్మను అడుగుదాము, ఇది ఏం పచ్చో" అన్నాడు.